నలభై ఒకటో గరిటె

1,788వ రోజు

పొయ్యి వెలిగించింది: ఉదయం ఆరు. ఆర్పింది: తొమ్మిదిన్నర. వండినవి: మరలో అచ్చుపోసిన బియ్యం అన్నం, గోంగూర పప్పు, చేపల పులుసు. తిన్నవాళ్ళు: నలభై ఒకరు.

విశేషాలు: ఈ గడిలో పొయ్యి రిపేర్ల సంగతి రాయాలని కెల్వ ప్రభుత్వం వారి ఉద్దేశం. వాళ్ళిచ్చిన పొయ్యి ఐదేళ్ళలో ఒక్కసారి కూడా చెడిపోలేదు. గడి ఖాళీగా వదిలేస్తే కాగితం దండగ కాబట్టి నేను మనుషుల సంగతులు రాస్తున్నాను. ఇప్పటిదాకా ఎవరూ వద్దనలేదు. చదివితే కదా వద్దనడానికి.

ఈ రోజు విశేషం కెల్వలో ఎన్నికల ఫలితాలు. నాంచారయ్య బావ పొద్దున్నే రేడియో చంకన పెట్టుకుని వంటగదిలోకి వచ్చాడు. ఈ తెప్ప మీద పెద్దమనిషి ఆయన. దివిసీమ నీళ్ళలో కలిసిపోయిన ఏడు మా నలభై ఒక్క మందినీ ఒకే తెప్ప ఎక్కించి ఇంత దూరం తెచ్చింది ఆయనే. ఆ సంగతి వారానికి రెండుసార్లు గుర్తు చేసేదీ ఆయనే.

"సామ్రాజ్యం, పాతోళ్ళు పోయారు. కొత్తోళ్ళొచ్చారు," అన్నాడు.

"ఎవరొస్తే మనకేంటి బావా, బియ్యం ఆపుతారా?"

"బియ్యం ఆపరు. మనల్ని కదుపుతారు."

అంత పెద్ద మాట చెప్పి, రెండోసారి పప్పు వేయించుకుని తిన్నాడు. తిని కంచం కడగకుండా లేవబోతే వెనక్కి పిలిచాను. ఈ తెప్ప మీద ఎవరి కంచం వాళ్ళే కడుక్కోవాలి. పెద్దమనిషి అయినా అంతే.

పేజీ అడుగున ఒక సన్నటి గడి ఉంది. దాని పక్కన కెల్వ లిపిలో చీమ తలకాయంత అక్షరాలు. నా చెవిపోగు మాటల్ని తెలుగు చేస్తుంది గానీ రాతల్ని చేయదు. ఆ గడి దేనికో తెలియక, బోసిగా వదలడం ఇష్టం లేక, రోజూ అందులో ఒక చిన్న ముగ్గు వేస్తున్నాను. ఈ రోజు నాలుగు చుక్కల ముగ్గు.

1,790వ రోజు

తిన్నవాళ్ళు: నలభై ఒకరు.

విశేషాలు: గాలి ఎక్కువ. మా తెప్ప లంగరు వేసింది మూడు దేశాల నీళ్ళు కలిసే చోట. హద్దుల మీద దీపపు బుడగలు తేలుతుంటాయి. ఆకుపచ్చవి కెల్వ, పసుపువి ఒరిండ, నీలం తాసల్. బట్టలారేసే తాడు ఒక కొస మా కొయ్యకి, రెండో కొస పసుపు బుడగకి కట్టుకున్నాం. అంటే మా లుంగీలు, చీరలు సగం కెల్వలో, సగం ఒరిండలో ఆరతాయి.

పోయిన ఏడు నా నేత చీర ఒకటి గాలికి ఎగిరి తాసల్ వైపు పడింది. తాసల్ చాలా మంచి దేశం. శరణన్నవాళ్ళకి ఇల్లు, బడి, వైద్యం, పౌరసత్వం అన్నీ ఇస్తుంది. కాకపోతే వరసలో నిలబడిన పంతొమ్మిదేళ్ళకి ఇస్తుంది. చీర కోసం దరఖాస్తు పెట్టాను. నా చీర నంబరు పద్దెనిమిది వేల చిల్లర. అక్కడా ఈ మధ్య ప్రభుత్వం మారిందట, వరస మళ్ళీ మొదటి నుంచి కడుతున్నారట. ఇంక ఆ చీర సంగతి మర్చిపోయాను.

1,791వ రోజు

తిన్నవాళ్ళు: నలభై ఒకరు, అందులో ఇద్దరు సరిగా తినలేదు.

విశేషాలు: నోటీసు వచ్చింది. నాంచారయ్య బావ చెప్పిందే నిజం.

ఇవాళ్టికి అరవయ్యో రోజున, అంటే నా లెక్కలో 1,851వ రోజున, కొత్త చట్టం అమల్లోకి వస్తుంది. నీళ్ళ మీద ఉన్న పరదేశీలందరినీ లోపలి ఊళ్ళకి పంపిస్తారు. ఊరికొక పొయ్యి. ఒక పొయ్యి వాళ్ళని, అంటే ఒక కుటుంబాన్ని, మాత్రం విడదీయరు. ఆ రోజుకి జాబితాలో ఎవరుంటే వాళ్ళే, తర్వాత చేర్పులు లేవు, తీసివేతలు లేవు. పెద్ద పొయ్యి నిజంగా ఒక్కటేనా, కాగితాల మీదే ఒక్కటా అని చూడటానికి ముందుగా తనిఖీ అధికారి వస్తారు.

ముప్పై తొమ్మిది మందికి ఇది మంచి వార్త. ఇద్దరికి కాదు. ఆ ఇద్దరూ తాయారు, వీరాస్వామి.

తాయారు మా అక్క కూతురు. అక్క పోయాక నా చేతుల్లోనే పెరిగింది. ఎండతో కరెంటు తీసే తెరచాపలు బాగుచేయడంలో ఈ నీళ్ళ మీద దాని తర్వాతే ఎవరైనా. వీరాస్వామి వలేస్తాడు, పాడతాడు, కంచం సరిగ్గా కడగడు. ఇద్దరూ పెళ్ళి చేసుకుంటామని రెండేళ్ళుగా అంటున్నారు. వాడు పుట్టిన దగ్గర్నుంచీ నన్ను అత్తా అని పిలుస్తున్నాడు, కాబట్టి వరస కూడా కుదిరింది. కుదరనిది ఒక్క కెల్వ చట్టానికే. ఆ తప్పు నాది.

ఐదేళ్ళ క్రితం ఇక్కడికి చేరిన రోజు మాకొక కాగితం ఇచ్చారు. మొదటి ప్రశ్న, ఒక పొయ్యి మీద తినేవారు ఎందరు అని. నలభై ఒకరు అని రాశాను. ఆ పూట నేను కాచిన గంజి తాగినవాళ్ళు నలభై ఒకరు మరి. మా వెనక తెప్పలో వచ్చిన వేరే దేశం వాళ్ళు అదే ప్రశ్నకి భార్య, భర్త, ఇద్దరు పిల్లలు అని ఎవరికి వాళ్ళు విడివిడిగా రాసుకున్నారు. మాకు ఆ ఆలోచనే రాలేదు. ఎదురుగా కూర్చుని తింటున్న మనిషిని మా పొయ్యి కాదని ఎలా రాస్తాం?

కెల్వలో ఇంధనం కరువైన రోజుల నుంచీ పొయ్యి అంటేనే కుటుంబం. దాంతో మేం నలభై ఒకరం ఒకే కుటుంబమైపోయాం, నూట పద్నాలుగో నంబరు పొయ్యి. ఒక పొయ్యి వాళ్ళు చట్టం ప్రకారం తోబుట్టువులు. పెళ్ళి చేసుకుంటే నేరం. పెళ్ళి రాయించకపోతే పుట్టే బిడ్డకి పొయ్యి ఉండదు, పొయ్యి లేని బిడ్డకి కెల్వలో పేరే ఉండదు. పాత ప్రభుత్వం ఈ చట్టం సవరిస్తామంది. సవరించే లోపే ఓడిపోయింది.

"పోనీ వీళ్ళిద్దరికీ వేరే పొయ్యి పెట్టిద్దామా?" అని అడిగాను.

"వేరే పొయ్యంటే వేరే ఊరు," అన్నాడు బావ. "పదకొండు జిల్లాల్లో ఎక్కడ పడేస్తారో."

తాయారు నా వంక చూసింది. నేను గిన్నెల వంక చూశాను.

1,796వ రోజు

తిన్నవాళ్ళు: నలభై ఒకరు.

విశేషాలు: మూడు దేశాలూ అడిగి చూశాం. పిల్లలిద్దరూ పడవ వేసుకుని ముందు ఒరిండ వెళ్ళారు. అక్కడ పెళ్ళికి అభ్యంతరం లేదు, నిమిషంలో రాసేస్తారు. కానీ ఒరిండ వాళ్ళ లెక్కలో కుటుంబం అనే మాటే లేదు. ప్రతి మనిషీ విడి మనిషే. పని ఎక్కడుంటే అక్కడికి పంపుతారు. తాయారుకి ఉత్తరాన గాలిమరల ఊళ్ళో పని చూపించారు, వాడికి దక్షిణాన నాచు పొలాల్లో. మధ్య దూరం పద్దెనిమిది గంటల రైలు.

"జీతం మాత్రం బాగా ఇస్తారంట పిన్నీ," అంది తాయారు. "ఫోన్లో కాపరం చేసుకోడానికి సరిపోద్ది."

తాసల్‌లో పెళ్ళయిన జంటకి గది ఇస్తారు. వరసలో వీళ్ళ నంబరు రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో లెక్కేస్తే, అప్పటికి వీళ్ళ పిల్లలకి పెళ్ళీడు వస్తుంది.

మనుషుల్ని ఒకడు పొయ్యిలుగా చూస్తాడు, ఒకడు చేతులుగా చూస్తాడు, ఒకడు నంబర్లుగా చూస్తాడు. ఎవడూ చెడ్డవాడు కాదు. ముగ్గురూ తలా కొంచెం సాయం చేసేవాళ్ళే. మా ఇద్దరు పిల్లలు మాత్రం ఆ మూడింట్లోనూ పట్టడం లేదు.

1,801వ రోజు

తిన్నవాళ్ళు: నలభై ఒకరు.

విశేషాలు: నాంచారయ్య బావ దారి కనిపెట్టాడు. ఇన్నాళ్ళూ ఆయన్ని వేళాకోళం చేసినందుకు మాగాయ ముక్క ఒకటి అదనంగా వేశాను.

కెల్వ ఆఫీసులో మనిషి ఉండడు, గాజు కిటికీ ఉంటుంది. అడిగినదానికి జవాబు చెబుతుంది, అడగనిది చెప్పదు. బావ మూడు రోజులు ఆ కిటికీ ముందు స్టూలు వేసుకుని అరవై మూడు ప్రశ్నలు అడిగాడు. అరవై ఒకటి దండగ. అరవై రెండోది, బయటి మనిషి పొయ్యిలోకి ఎలా వస్తాడు అని. పెళ్ళి ద్వారా అంది కిటికీ. అరవై మూడోది, లోపలి మనిషి బయటివాడు ఎలా అవుతాడు అని. వరసగా నలభై రోజులు ఆ పొయ్యి మీద తినకపోతే పేరు దానంతటదే కొట్టేయబడుతుందంది.

"అంటే వీరాస్వామి నలభై రోజులు ఒరిండలో పని చేసుకుని, అక్కడే తిని, బయటివాడై రావాలి. వచ్చి మన తాయారుని చేసుకుని మన పొయ్యికి ఇల్లరికం రావాలి," అన్నాడు బావ. "ఎల్లుండి బయల్దేరితే 1,842కి నలభై పూర్తవుతాయి. 1,851కి తొమ్మిది రోజులు మిగులుతాయి."

ఒక్క రోజు తేడా వచ్చినా మళ్ళీ మొదటి నుంచి లెక్క. అప్పుడు దాదాపు గడువు దాటిపోయినట్టే. దాటితే వాడు ఒరిండ మనిషిగా నీళ్ళకి అవతలే ఉండిపోతాడు, మేం ఏ కొండల్లోకో వెళ్ళిపోతాం. ఈ సంగతి అందరికీ తెలుసు. అయినా ఇల్లరికం అన్న మాటకి తెప్పంతా నవ్వింది.

"ఉన్నింటికే ఇల్లరికం ఏంటత్తా," అన్నాడు వీరాస్వామి.

1,803వ రోజు

తిన్నవాళ్ళు: నలభై మంది.

విశేషాలు: పొద్దున్నే వాడు వెళ్ళాడు. నిన్న సాయంత్రమే వాడికి పెట్టాల్సిందంతా పెట్టాను. వెళ్ళేటప్పుడు ఆవకాయ జాడీ చేతికివ్వబోతే బావ చేయి అడ్డం పెట్టాడు. మన పొయ్యి దగ్గర తయారైంది ఏదీ వాడి నోట్లోకి పోకూడదట. మా మాట కాదు, కిటికీ మాట.

కెల్వ వాళ్ళిచ్చిన గరిటె కూడా తక్కువది కాదు. కంచం మీద వంచగానే టింగుమంటుంది, దాని పిడి మీద అంకె పెరుగుతుంది. ఒక్కో కంచానికి ఒక్కసారే లెక్క. ఆ అంకె, నా పేజీ నకలుతో పాటు, రోజూ సాయంత్రం ఆఫీసుకి వెళుతుంది, నా పుస్తకంలో రాసిన అంకెతో సరిపోవాలి. ఐదేళ్ళుగా నలభై ఒకటి చూసిన కంటికి నలభై చూస్తే ఎవరో పన్ను ఊడదీసుకున్నట్టుంది. బియ్యం మాత్రం నలభై ఒక్కమందికే పడింది. చేతికి అలవాటు.

1,817వ రోజు

తిన్నవాళ్ళు: నలభై మంది.

విశేషాలు: ఆదివారాలు ఒరిండ పనివాళ్ళ పడవ పసుపు బుడగల పక్కగా వెళుతుంది. వీరాస్వామి అవతల, తాయారు ఇవతల, మధ్య బట్టలారేసే తాడు.

"ఏం పెడతన్నారు అక్కడ?" అని కేకేసింది.

"బూడిద రంగుది ఒకటి, ఆకుపచ్చది ఒకటి. రెండూ ఒకే రుచి."

"ఉప్పుందా?"

"ఉప్పుకి వేరే దరఖాస్తంట."

ఇది విని తెప్ప మీద సగం మంది కడుపు పట్టుకుని నవ్వారు. తాయారు కూడా నవ్వింది. వాడు చిక్కిపోయాడని తర్వాత నాతో మాత్రమే చెప్పింది. పద్నాలుగు రోజులు గడిచాయి. రోజుకొకటి చొప్పున తెరచాప అంచున ముడి వేస్తోంది.

1,833వ రోజు

తిన్నవాళ్ళు: నలభై ఒకరు.

విశేషాలు: రాయక తప్పదు. కంటితో చూసింది రాయడమే ఈ పుస్తకం పని.

మధ్యాహ్నం చారు కాగుతోంది. ఎవరో తాడు పట్టుకుని లాగుతున్నట్టు అనిపించి చూస్తే, హద్దు మీద చిన్న పడవలో వీరాస్వామి. ఒళ్ళు కాలిపోతోంది. రెండు రోజులుగా జ్వరమట. ఒరిండలో పని చేసిన రోజే భోజనం కార్డు పని చేస్తుంది. పనికి పోకపోతే కార్డు మూగది. రెండు రోజులుగా వాడి కడుపులో మంచినీళ్ళు తప్ప ఏమీ లేవు.

"లోపలికి రావొచ్చా అత్తా?" అన్నాడు. వాడు ఆ మాట అడగడం అదే మొదటిసారి. ఎప్పుడూ అడగకుండానే వచ్చేవాడు.

"రా నాయనా," అన్నాను. కూర్చోబెట్టాను. కంచం పెట్టాను. మెత్తగా కలిపి, రెండు గరిటెలు చారు పోశాను. టింగుమంది.

అప్పుడు గుర్తొచ్చింది. పిడి మీద నలభై ఒకటి. వాడికి ఒంటి మీద స్పృహ ఉంటే ఆపేవాడు, నాకు బుద్ధి ఉంటే నేను ఆగేదాన్ని. వాడు అప్పటికే తాగేశాడు. ముప్పై రోజులు పూర్తయ్యి, ముప్పై ఒకటో రోజున.

ముగ్గు వేయలేదు. వేయబుద్ధి కాలేదు.

1,834వ రోజు

తిన్నవాళ్ళు: ముప్పై తొమ్మిది మంది. తాయారు తినలేదు.

విశేషాలు: "గ్లాసుతో పొయ్యకూడదా పిన్నీ?" అంది. అంతే. మళ్ళీ మాట్లాడలేదు. తెరచాప ముడులన్నీ ఒక్కొక్కటే విప్పుతూ కూర్చుంది. తిట్టినా బాగుండేది.

వాడు జ్వరం తగ్గి పొద్దున్నే అవతలికి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెడితే 1,873. చట్టం 1,851. ఇందులో బావ కిటికీని అడగాల్సిన ప్రశ్నేమీ లేదు. నేను బాగా ఏడ్చాను. రాస్తున్నాను, సిగ్గేం లేదు.

మధ్యాహ్నం బావ వచ్చి నెమ్మదిగా అన్నాడు. "గరిటె చేయి జారి పడిందని రాయి సామ్రాజ్యం. ఖాళీ కంచం మీద పడి మోగిందని రాయి. ఎవరు చూశారు?"

"నేను చూశాను."

"నువ్వే కదా రాసేది."

"అందుకే బావా."

ఆయన నా పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరిగాడు. ఐదేళ్ళలో ఆయన కత్తి పట్టడం ఇదే మొదలు. ముక్కలు మాత్రం పిల్లి తలకాయంత తరిగాడు.

1,838వ రోజు

తిన్నవాళ్ళు: నలభై మంది. అతిథులు: ఒకరు.

విశేషాలు: చాలా ఉన్నాయి. ఈ రోజు రెండు పేజీలు తీసుకుంటున్నాను.

తనిఖీ అధికారి వచ్చింది. పేరు ఇల్మ. యాభై ఏళ్ళుంటాయి, బక్కగా, పొడుగ్గా, మోకాళ్ళ దాకా బూట్లు. నా చెవిపోగు ఆవిడ మాటల్ని రేడియో వార్తల తెలుగులోకి మార్చి వినిపిస్తుంది. పలకరింపు కూడా ప్రకటనలాగే ఉంటుంది.

"నూట పద్నాలుగవ పొయ్యి దస్త్రమును చూడగోరుచున్నాను," అంది.

"చూద్దురుగానీ, ముందు తినండి," అన్నాను. సరిగ్గా భోజనాల వేళ. నలభై మందీ కంచాల ముందు కూర్చున్నారు, ఆవిడ ఒక్కతే నిలబడి ఉంది. మనిషి నిలబడి చూస్తుంటే మాకు ముద్ద దిగదు.

ఆవిడ కంగారు పడింది. కెల్వలో ఒకరి పొయ్యి మీద ఇంకొకరు తినరట. ఇంధనం కొలిచి ఇచ్చే దేశం, ఎవరిది వాళ్ళకే. తన స్నేహితురాలి ఇంట్లో కూడా ఈ వయసు దాకా తినలేదట.

"నేను తినినచో మీ గరిటె నలభై ఒకటి చూపును. పుస్తకమునందు నలభై మందే కలరు. నన్ను ఏ గడిలో వ్రాయుదురు?"

మీరే చూసి చెప్పమని పుస్తకం చేతికిచ్చాను. ఆవిడ పేజీ అడుగు దాకా చూసి, సన్నటి గడి దగ్గర ఆగిపోయింది. ముందు పేజీ తిప్పింది, ఇంకో పేజీ తిప్పింది. తర్వాత గట్టిగా నవ్వింది. నవ్వుని చెవిపోగు తెలుగు చేయలేదు, అవసరం కూడా లేదు.

ఆ గడి అతిథుల గడి అట. పాత కాలంలో అచ్చు వేసినది. అరవై ఏళ్ళుగా దేశం మొత్తం మీద ఒక్కరు కూడా అందులో ఏమీ రాయలేదు. ఐదేళ్ళుగా నూట పద్నాలుగో పొయ్యి ఒక్కటే రోజూ ఏదో బొమ్మ వేసి పంపుతోంది, దాని అర్థం ఏమిటని ఆఫీసులో రెండు వర్గాలుగా చీలి వాదించుకుంటున్నారట.

"ఈ బొమ్మ ఏమి?" అంది.

"ముగ్గండీ. వాకిట్లో వేస్తాం."

"ఎవరి కొరకు?"

ఎప్పుడూ ఆలోచించలేదు. "వచ్చేవాళ్ళ కోసం," అన్నాను.

ఆవిడ కూర్చుంది. గోంగూర పులుపుకి మొదట కళ్ళు మూసుకుంది, తర్వాత కంచం ముందుకు జరిపింది. మారు వడ్డించాను. లేవబోతూ కంచం తీసుకోబోతే తాయారు అందుకుంది. "మీరు కడగకూడదండీ," అంది. నాలుగు రోజుల తర్వాత దాని నోట్లోంచి వచ్చిన మొదటి పెద్ద మాట అది.

తర్వాత ఇల్మ గారు పుస్తకం మొత్తం చదివింది. ఆవిడకి తెలుగు చదివి వినిపించే కళ్ళజోడు ఉందట. అంటే నా విశేషాలన్నీ చదివేస్తోందన్నమాట. ఐదేళ్ళలో ఆ కిటికీని నేను ఎన్ని మాటలన్నానో నాకే గుర్తు లేదు.

1,833 దగ్గర ఆగింది.

"ఈ ఒక్క దినమున ముగ్గు లేదు. గడి ఖాళీగా ఉన్నది."

"వేయబుద్ధి కాలేదండీ."

"గరిటె చేజారెనని వ్రాసి ఉండవచ్చును."

"రాయమన్నారు. రాయలేదు." బావ ఆకాశంలోకి చూశాడు.

"ఆ యువకుడు లోపలికి వచ్చుటకు అనుమతి అడిగెనా?"

"అడిగాడు. రాసే ఉంది."

"ఈ పొయ్యి వారు తమ కంచమును తామే కడుగుదురని మొదటి పేజీల నుండి ఉన్నది. ఆ దినమున అతని కంచము ఎవరు కడిగిరి?"

"జ్వరంతో ఉన్నవాడితో కడిగిస్తానా? నేనే కడిగాను."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఖాళీ గడిని, దాని మేరకు పై అంకెను, పది దినముల లోపు ఎర్ర సిరాతో పూర్తి చేయవచ్చును. ఏమి వ్రాయవలెనో నేను చెప్పరాదు. నేను చదువుటకు మాత్రమే వచ్చితిని," అని ఎర్ర కలం నా ముందు పెట్టి, గోంగూర మడి చూడాలంటూ బయటికి వెళ్ళింది.

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తాయారుకి ముందే అర్థమైంది. నా భుజం పట్టుకుంది.

అతిథికి పెట్టిన భోజనం పొయ్యి మనిషి తిన్న లెక్కలోకి రాదు. నలభై రోజుల లెక్క తెగదు. పైగా వాడు ఈ పొయ్యికి బయటివాడే అనడానికి అంతకన్నా రుజువు లేదు. అంతా సరే. కానీ ఆ గడిలో వాడి పేరు రాయాలంటే నా చేయి లేవలేదు. చంటివాడిగా నా ఒళ్ళో కూర్చుని తిన్నాడు వాడు. తుపానుకి తలదాచుకున్న ఓడరేవులో నా చీర కొంగు పట్టుకుని నిద్రపోయాడు. వాడిని అతిథి అని నా చేత్తో రాయాలి.

"అబద్ధం కాదు కదా పిన్నీ," అంది తాయారు. "ఆ రోజు అడిగి వచ్చాడు. నువ్వు కంచం కడిగావు."

నిజమే. ఆ ఒక్క పూటకి వాడు అతిథే. ఎర్ర సిరాతో రాశాను. అతిథి: వీరాస్వామి. పైన నలభై ఒకరుని నలభై చేశాను. పక్కన చోటు మిగిలితే ముగ్గు కూడా వేశాను.

ఇల్మ గారు తిరిగి వచ్చి చదివి సంతకం పెట్టింది. నూట పద్నాలుగు నిజమైన పొయ్యి అని రాసింది. మీరంతా రక్తసంబంధీకులు కారని తెలుస్తూనే ఉంది, చట్టం రక్తం సంగతి అడగలేదు, పొయ్యి సంగతే అడిగింది అంది. కొత్త ప్రభుత్వం అడిగితే ఆ మాటే చెబుతానంది. వెళ్ళేటప్పుడు గోంగూర రెండు కట్టలు ఇచ్చాను. అది లంచం అవుతుందా అని ఆవిడ కిటికీని అడగబోతే, అడగొద్దని బావ ఆపాడు.

1,842వ రోజు

తిన్నవాళ్ళు: నలభై మంది. అతిథులు: లేరు. గడిలో ఎనిమిది చుక్కల ముగ్గు.

విశేషాలు: నలభయ్యో రోజు. సాయంత్రం గరిటె పిడి మీద చిన్న దీపం వెలిగి, జాబితాలో ఒక పేరు కొట్టేసినట్టు చూపించింది. తెప్ప మీద అందరూ చప్పట్లు కొట్టారు. సొంత మనిషి పేరు కొట్టేస్తే చప్పట్లు కొట్టిన కుటుంబం లోకంలో మాదొక్కటే అయ్యుంటుంది.

మాకు దక్కిన ఊరు పేరు కూడా వచ్చింది. కొండల మధ్య, నీళ్ళు లేని చోటు. తెప్ప విప్పి ఆ చెక్కలతో తలుపులు చేసుకోవచ్చట. నాంచారయ్య బావ ఆ ఊరి పేరు ఇప్పటికే నాలుగు రకాలుగా పలుకుతున్నాడు.

1,844వ రోజు

పొయ్యి వెలిగించింది: ఉదయం నాలుగు. ఆర్పింది: ఇంకా ఆర్పలేదు. వండినవి: పులిహోర, బూరెలు, గుత్తి వంకాయ, చేపల వేపుడు, గోంగూర, చారు, పాలతాలికలు. తిన్నవాళ్ళు: నలభై ఒకరు. అతిథులు: ఒకరు, ఇల్మ గారు.

విశేషాలు: పెళ్ళి. పొద్దున ఎనిమిదింటికి వీరాస్వామి ఒరిండ పడవ దిగి, హద్దు తాడు దగ్గర నిలబడి, కొత్త లుంగీ సర్దుకుని, "లోపలికి రావొచ్చా అత్తా?" అని అడిగాడు. ఏడిపించడానికే అడిగాడు. రావొద్దన్నాను. అందరూ నవ్వారు. తాయారు వెళ్ళి చేయి పట్టుకుని లాక్కొచ్చింది.

కిటికీ ముందు ఇద్దరూ వేలిముద్రలు వేశారు. బయటి మనిషి వీరాస్వామి పెళ్ళి ద్వారా నూట పద్నాలుగో పొయ్యిలో చేరాడని కిటికీ చెప్పింది. నాంచారయ్య బావ దాన్ని అరవై నాలుగో ప్రశ్న అడిగాడు, నువ్వూ భోజనానికి వస్తావా అని. దానికి సమాధానం లేదంది.

మధ్యాహ్నం వడ్డించాను. వీరాస్వామి కంచం దగ్గర టింగుమంటూ నలభై ఒకటి పడింది. ఆ అంకె చూసి నా కళ్ళు నిండాయి, పొగ అన్నాను, పొగ రాని పొయ్యి అని అందరికీ తెలుసు.

వీరాస్వామి కడుపు నిండా తిన్నాడు. నలభై రోజుల ఉప్పు ఒక్క పూటే తిన్నాడేమో. తిని, కంచం అక్కడే వదిలేసి, కొత్త అల్లుడి ధీమాతో లేచి నిలబడ్డాడు.

"నేను ఇయ్యాళ ఏ గడిలో ఉన్నానత్తా?" అన్నాడు.

ఇల్మ గారి కంచం నేను తీసుకున్నాను. వాడి కంచం వాడి చేతికే ఇచ్చి, నీళ్ళ తొట్టి వైపు చూపించాను. ఎప్పటిలాగే సరిగ్గా కడగలేదు. మళ్ళీ కడిగించాను.